వార్నెమ్యుండె: ఓడ దిగి సొంతంగా తిరిగే ఒకరోజు ప్రయాణాలు

వార్నెమ్యుండె జర్మనీ ఈశాన్య తీరంలో, వార్నో నది బాల్టిక్ సముద్రంలో కలిసే చోట ఉన్న చిన్న రేవు ఊరు. 1323లో రోస్టాక్ నగరం దీన్ని కొనుక్కుంది. అప్పటి నుంచీ ఇది ఆ నగరంలో భాగమే. నది వెంట పన్నెండు పదమూడు కిలోమీటర్లు ఎగువకు వెళ్తే రోస్టాక్ నడిబొడ్డు వస్తుంది. మే నుంచి సెప్టెంబరు దాకా బాల్టిక్‌లో తిరిగే క్రూయిజ్ ఓడలు ఇక్కడ పొద్దున్నే ఆగి, సాయంత్రమో రాత్రో కదులుతాయి. కంపెనీల కరపత్రాల్లో మాత్రం ఈ రేవు పేరు చాలాసార్లు ‘బెర్లిన్’ అని పెద్ద అక్షరాల్లో, పక్కన చిన్న అక్షరాల్లో వార్నెమ్యుండె అని ఉంటుంది. బెర్లిన్ ఇక్కడికి దాదాపు 230 కిలోమీటర్లు. మచిలీపట్నంలో ఓడ ఆపి హైదరాబాదు వచ్చేశామని చెప్పడం లాంటిదే ఇది. ఆ పేరు చూసి టికెట్టు కొన్నవారికి ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్నే పుట్టదు. సొంతంగా తిరగదలచినవారు ఆ పేరును కాసేపు పక్కన పెట్టి, తిరుగు ప్రయాణం నుంచి లెక్క మొదలుపెట్టాలి. అనుకున్న బండి తప్పితే వెనక ఇంకో బండి ఉందా, అది కూడా ఓడ కదిలేలోపు తెచ్చి దింపుతుందా? ఈ రేవు నుంచి ఏ ఊరు అందుబాటులో ఉంది, ఏది లేదు అన్నది కిలోమీటర్ల కంటే ఈ రెండు ప్రశ్నలే నిక్కచ్చిగా తేలుస్తాయి.

సొంతంగా తిరగడానికి వార్నెమ్యుండె అంత వీలైన రేవు బాల్టిక్ తీరంలో అరుదు. అందుకు కారణం క్రూయిజ్ ఓడలు కావు, వాటికంటే వందేళ్ళ ముందు వచ్చిన రైలు. 1886లో బెర్లిన్ వైపు నుంచి రైలుమార్గం ఇక్కడిదాకా వచ్చింది. డెన్మార్క్‌లోని గెడ్సర్‌కు స్టీమరు కలిపారు. 1903 నుంచి రైలు పెట్టెలనే ఓడలోకి ఎక్కించి సముద్రం దాటించే ఫెర్రీ నడిచింది. బెర్లిన్–కోపెన్‌హాగన్ ప్రయాణికుల కోసం స్టేషన్‌ను సరాసరి నీటి ఒడ్డునే కట్టారు. ఆ ఫెర్రీ 1995లో ఆగిపోయింది. పదేళ్ళ తర్వాత, 2005లో, ఆ చుట్టుపక్కలే క్రూయిజ్ టెర్మినల్ తెరిచారు. అందుకే ఇక్కడ ఓడ మెట్లు దిగిన మనిషి పది నిమిషాలు నడవకుండానే రైలు ప్లాట్‌ఫారం మీద ఉంటాడు. ఇంకొక వెసులుబాటు చట్టానిది. ఒకప్పుడు ఈ ఓడలన్నిటికీ పెద్ద ఆకర్షణ సెయింట్ పీటర్స్‌బర్గ్. అక్కడ వీసా లేని క్రూయిజ్ ప్రయాణికుడు 72 గంటల వరకు ఉండవచ్చు గానీ, అనుమతి ఉన్న సంస్థ నడిపే టూరులోనే ఊళ్ళో అడుగుపెట్టాలి. 2022 తర్వాత ఓడలు అటు పోవడం మానేశాయి. జర్మనీలో అలాంటి షరతేమీ లేదు. షెంగెన్ వీసా ఉన్నవారు ఓడ దిగి ఏ రైలైనా ఎక్కవచ్చు. ఓడ వాళ్ళ టూరే శరణ్యమన్న అలవాటు పీటర్స్‌బర్గ్ రోజుల్లో బలపడి ఉండవచ్చు. వార్నెమ్యుండె విషయంలో దానికి ఆధారం లేదు.

ముందు చూడాల్సింది ఓడ గడియారం. టికెట్టు మీద ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా అని ఉంటే చేతికి పన్నెండు గంటలు వచ్చాయనుకోకూడదు. ఓడ కట్టాక అధికారుల తనిఖీ పూర్తయి, జనాన్ని వదిలేసరికి అరగంట పైనే పట్టవచ్చు. టూరు బస్సుల వాళ్ళను ముందు పంపే ఓడల్లో ఇంకాస్త ఆలస్యం. సాయంత్రం అందరూ ఎక్కేయాల్సిన వేళ, ఓడవాళ్ళు ‘ఆల్ అబోర్డ్’ అనేది, బయల్దేరే సమయానికి అరగంట నుంచి గంట ముందే ఉంటుంది. పట్టించుకోవలసిన గీత అదే. ఓడలో పాటించే సమయం, ఒడ్డున నడిచే సమయం ఒకటేనా అన్నది కూడా ముందు రోజు గదికి వచ్చే దినపత్రంలో చూసుకోవాలి. ఫిన్లండ్, ఎస్తోనియా వైపు నుంచి వచ్చే ఓడలకు జర్మనీతో గంట తేడా ఉంటుంది, గడియారం ఎప్పుడు వెనక్కి తిప్పారో తెలియకపోతే రోజంతా తప్పుతుంది. పోర్టు ఏజెంటు ఫోన్ నంబరు కూడా సాధారణంగా ఆ కాగితం మీదే ఉంటుంది. ఫోన్‌లో ఫొటో తీసుకుంటే సరిపోదు, ఛార్జింగు అయిపోయేది సరిగ్గా ఆ నంబరు అవసరమైన వేళే. కాగితాన్నే మడిచి జేబులో పెట్టుకోవాలి.

ఇప్పుడు బెర్లిన్‌నే తీసుకుందాం. వార్నెమ్యుండె నుంచి రోస్టాక్ మెయిన్ స్టేషన్‌కు ఎస్-బాన్ లోకల్ రైల్లో ఇరవై నిమిషాల పైచిలుకు. అక్కడ బండి మారితే ప్రాంతీయ రైలు రెండు గంటల నలభై నిమిషాలకు అటూ ఇటుగా బెర్లిన్ చేరుస్తుంది. వేగం రైళ్ళు ఇంకొంచెం ముందే చేరుస్తాయి. మార్పుకు పట్టే సమయం కలుపుకుంటే ఓడ నుంచి బెర్లిన్‌కు దగ్గర దగ్గర మూడు గంటలు. ప్రాంతీయ రైళ్ళు ఈ దారిన మొత్తమ్మీద రెండు గంటలకొకటి. ఓడ ఎనిమిదింటి నుంచి ఎనిమిదింటి దాకా ఉంటుంది, ఏడున్నరకు ఎక్కేయాలి అనుకుందాం. పొద్దున తొమ్మిదిన్నరకు రోస్టాక్‌లో బండి దొరికిందనుకుంటే బెర్లిన్ చేరేది పన్నెండుంబావుకి. తిరుగు ప్రయాణానికి మూడున్నర బండి ఎక్కితే ఏడింటికి కాస్త ముందు ఓడ దగ్గరుంటాం. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ బండి రద్దయితే తర్వాతిది ఐదున్నరకు. అది ఒడ్డుకు తెచ్చేసరికి ఓడ వెళ్ళిపోయి గంట కావస్తుంది. వెనక బండి ఉండాలన్న నియమం ప్రకారం ఒంటిగంటన్నర బండికే తిరిగి ఎక్కాలి. అంటే ఆరు గంటల రైలు ప్రయాణానికి బెర్లిన్‌లో మిగిలేది గంటంబావు. అదే ఓడ ఉదయం ఏడు నుంచి రాత్రి పది దాకా ఉంటే పరిస్థితి మారుతుంది: మధ్యలో వేగం రైలు దొరికితే ఇంచుమించు పదకొండుంబావుకి చేరి, మూడున్నర బండికి తిరుగుముఖం పట్టి, ఐదున్నర బండిని అక్కరకు ఉంచుకోవచ్చు. నాలుగు గంటలు చేతికొస్తాయి. బెర్లిన్ ప్రధాన స్టేషన్ నుంచి పార్లమెంటు భవనం, బ్రాండెన్‌బుర్గ్ ద్వారం నడిచి వెళ్ళేంత దగ్గర కాబట్టి ఆ నాలుగు గంటలకు విలువుంది. అయితే పార్లమెంటు గాజు గోపురం ఎక్కాలంటే ముందే పేరు నమోదు చేసుకోవాలి. ప్రవేశం ఉచితం. ఊరు ఒకటే, దూరం ఒకటే. ఓడ మరో మూడు గంటలు ఆగడంతో కుదరనిది కుదిరింది.

బండి రద్దు కావడం, ఆలస్యం కావడం అంత తరచుగా జరుగుతుందా, జర్మనీ రైళ్ళంటే గడియారాలు సరిచేసుకునేవాళ్ళు కదా అని అడగవచ్చు. ఆ పేరు పాతబడింది. 2024లో జర్మనీ రైల్వే సంస్థ డాయిచె బాన్ దూరప్రయాణపు రైళ్ళలో సమయానికి చేరినవి 62.5 శాతం. ఆరు నిమిషాలలోపు ఆలస్యాన్ని సమయానికి చేరినట్టే లెక్కేసుకున్నాక తేలిన అంకె ఇది; పైగా పూర్తిగా రద్దయిన బళ్ళు ఈ లెక్కలోకే రావు. ప్రాంతీయ రైళ్ళది తొంభై శాతం చుట్టుపక్కల. ఏళ్ళ తరబడి మరమ్మతులకు నోచుకోని మార్గాలను ఇప్పుడు నెలలకు నెలలు మూసి బాగుచేస్తున్నారు. హాంబుర్గ్–బెర్లిన్ ప్రధాన మార్గాన్ని 2025 ఆగస్టులో అలాగే మూసేశారు. మూసిన చోట బస్సులు వేస్తారు, కాలపట్టిక మారుతుంది, అరగంట ప్రయాణం గంట కావచ్చు. కాబట్టి ఆరు నెలల ముందు ఎవరో చెప్పిన బళ్ళ వేళలు నమ్ముకోవడం తగదు. ప్రయాణానికి వారం ముందోసారి, ముందు రాత్రి మరోసారి రైల్వే వారి యాప్‌లో చూసుకోవాలి. స్టేషన్‌లో ‘గ్లైస్’ పక్కనున్న అంకె ప్లాట్‌ఫారం నంబరు. బోర్డు మీద బండి పేరు పక్కన ‘ఫెల్ట్ ఔస్’ అని వస్తే ఆ బండి రద్దయినట్టు. చాలామటుకు ఈ రెండూ పోల్చుకోగలిగితే చాలు, మిగతావి ఎవరినైనా ఇంగ్లీషులో అడగవచ్చు.

బెర్లిన్ ప్రియుల అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టేయడానికి లేదు. వీసాకు, విమానానికి, ఓడకు ఇంత ఖర్చుపెట్టి ఇక్కడిదాకా వచ్చాక, మళ్ళీ వస్తామో రామో తెలియని ఊరిని వదిలేసి పేరు వినని పల్లెల వెంట పడమంటారా అన్నది వాళ్ళ మాట. న్యాయమే. ఈ రేవు నుంచి ఓడ వాళ్ళ టూరుకు నిజంగా విలువున్నది బెర్లిన్ విషయంలోనే. వాళ్ళ బస్సు కూడా పోనూ రానూ మూడేసి గంటలు తీసుకుంటుంది, హైవే మీద ట్రాఫిక్ ఆగితే అదీ ఆగుతుంది. కానీ తమ టూరు బస్సు రాకుండా ఓడ కదలదు. కదలక తప్పకపోతే ప్రయాణికులను తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత కంపెనీదే. ఎక్కువ డబ్బు తీసుకున్నది ఆ హామీకి. ఓడ ఉండేది పన్నెండు గంటలే అయి, బెర్లిన్ చూసి తీరాలంటే ఆ డబ్బు కట్టడమే తెలివి. సొంతంగా వెళ్ళి గంటంబావు చూసి రావడం, రెండో బండి మీద ఆశ పెట్టుకోకుండా మూడు గంటలు చూడటం, రెండూ చెడ్డ బేరాలే. తెలుగువారికి ఇంకో దారి ఉంది. బెర్లిన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న పిల్లలున్న కుటుంబాలు ఇప్పుడు తక్కువేమీ కాదు. వాళ్ళను చూడటమే పనైతే, వాళ్ళనే వార్నెమ్యుండె రమ్మనడం మేలు. జర్మనీలో ఉండేవారిలో చాలామంది దగ్గర డాయిచ్‌లండ్ టికెట్ అనే నెలవారీ పాసు ఉంటుంది. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, తర్వాత ధర పెంచుతూ వచ్చారు. అది దేశమంతటా ప్రాంతీయ రైళ్ళలో చెల్లుతుంది, బెర్లిన్–రోస్టాక్ ప్రాంతీయ బండితో సహా. బండి తప్పినా వాళ్ళకు పోయే ఓడేమీ లేదు.

బెర్లిన్‌ను పక్కన పెడితే వెనక బండి నియమం ఇబ్బంది పెట్టడం మానేస్తుంది. రోస్టాక్‌కు ఎస్-బాన్ పగలంతా పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒకటి నడుస్తుంది. అది ఆగినా ట్రామూ బస్సూ మారి రావచ్చు, టాక్సీ ఉంది, నది మీద పడవలున్నాయి. కిటికీ పక్కన కూర్చుంటే ఈ ఇరవై నిమిషాల ప్రయాణంలోనే చరిత్ర కనిపిస్తుంది. దారి పొడవునా తూర్పు జర్మనీ ప్రభుత్వం కాంక్రీటు పలకలతో కట్టిన అపార్టుమెంటు పేటలు. అందులో లిష్టెన్‌హాగెన్ ఒకటి. 1992 ఆగస్టులో, జర్మనీ ఏకమై రెండేళ్ళు కాకుండానే, ఇక్కడ గోడ మీద పొద్దుతిరుగుడు పూలున్న ఒక భవనానికి వేలమంది చూస్తుండగా అల్లరిమూక నిప్పుపెట్టింది. లోపల ఉన్నది తూర్పు జర్మనీ కాలంలో పనికి రప్పించిన వియత్నాం కార్మికులు. పై అంతస్తు నుంచి మిద్దె మీదికి ఎక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. గోడ కూలిన తర్వాతి జర్మనీ ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునేవారికి బెర్లిన్ గోడ ముక్కతో పాటు ఈ పేట కూడా సాక్ష్యమే. పర్యాటక కరపత్రాలు దీన్ని చెప్పవు.

రోస్టాక్‌కు నగర హోదా వచ్చింది 1218లో. 1419 నాటి విశ్వవిద్యాలయం బాల్టిక్ తీర ప్రాంతంలో అన్నిటికంటే పాతది. 1942 ఏప్రిల్‌లో బ్రిటిష్ విమానాల బాంబుదాడికి పాత ఊరు చాలావరకు కాలిపోయింది. సెయింట్ మేరీ చర్చి నిలిచింది. ఎత్తయిన ఆ ఇటుక గోడల మధ్య, ప్రధాన పీఠం వెనక, 1472లో హాన్స్ డ్యూరింగర్ చేసిన ఖగోళ గడియారం ఉంది. ఇప్పటికీ దానికి చేత్తోనే కీ ఇస్తారు. పైన గంటలు, రాశులు, చంద్రకళలు చూపే ఫలకం. కింద తేదీలు, ఏటేటా ఈస్టరు ఏ రోజో చెప్పే పంచాంగ చక్రం. ఆ చక్రం మీద రాసిన సంవత్సరాలు 2017తో అయిపోతే 2018లో కొత్తది బిగించారు. అది 2150 దాకా పనిచేస్తుంది. మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే పైన చిన్న తలుపు తెరుచుకుని అపొస్తలుల బొమ్మలు ఒక్కొక్కటిగా క్రీస్తు ముందు నుంచి నడిచి రెండో తలుపులోకి వెళ్తాయి. చివరివాడు యూదా వచ్చేసరికి తలుపు మూసుకుపోతుంది. దీన్ని చూడాలంటే పదకొండున్నరకల్లా చర్చిలో ఉండాలి. ఎనిమిదింటికి ఆగిన ఓడ నుంచి ఏ హడావిడీ లేకుండా చేరగలిగిన వేళ అది. సాయంత్రం వార్నెమ్యుండె తిరిగి వచ్చాక మిగిలే సమయం కూడా వృథా కాదు. ఆల్టర్ ష్ట్రోమ్ అనే పాత కాలువ గట్టున జాలరుల పడవల్లోనే చేపల రొట్టెలు అమ్ముతారు. దాని చివర 1897లో కట్టిన దీపస్తంభం, పక్కనే 1968 నాటి టేపొట్ భవనం. ఇంజనీరు ఉల్‌రిష్ మ్యూటర్ పలుచటి కాంక్రీటుతో అల వంచినట్టు వేసిన దాని పైకప్పు తూర్పు జర్మనీ కట్టడాల్లో ఎన్నదగినది.

రోస్టాక్ నుంచి పడమరగా విస్మార్ వెళ్ళే ప్రాంతీయ రైలు రమారమి గంటకొకటి. అందులో ఇరవై, పాతిక నిమిషాల్లో బాద్ డోబెరాన్. ఇది ఈ వ్యాసం దృష్టిలో ఈ రేవు నుంచి అన్నిటికంటే సుఖమైన ఒకరోజు ప్రయాణం. సిస్టర్షియన్ సన్యాసుల మఠం చర్చి ఇక్కడుంది, 1368లో ప్రతిష్ఠ జరిగింది. ఉత్తర జర్మనీ మైదానంలో చెక్కడానికి రాయి దొరకదు. అందుకే ఫ్రాన్సులో రాతితో లేచిన గోథిక్ కట్టడం ఇక్కడికొచ్చేసరికి కాల్చిన ఎర్ర ఇటుకగా మారింది. బాల్టిక్ చుట్టూ హన్సా వర్తక సంఘపు పట్టణాల్లో ఆ రూపమే పాకింది. రోస్టాక్, విస్మార్, ష్ట్రాల్జుండ్ చర్చిలన్నీ ఈ వరసవే, అయితే డోబెరాన్‌లో లోపలి చెక్క పని చాలావరకు చెక్కుచెదరకుండా మిగిలింది. ఊరి స్టేషన్ నుంచి ‘మోలీ’ అనే ఆవిరి రైలు బయల్దేరుతుంది. 1886లో మొదలైన ఈ బండి పట్టాల వెడల్పు 900 మిల్లీమీటర్లు, దారి 15 కిలోమీటర్ల పైచిలుకు. స్టేషన్ దాటాక అది సరాసరి బజారు వీధిలోకి వస్తుంది. ఇరుపక్కలా దుకాణాలు, కాఫీ బల్లలు. ఇంజను గంట కొట్టుకుంటూ నడక వేగంతో వాటి మధ్య నుంచి పోతుంటే జనం పక్కకి జరిగి మళ్ళీ తమ పనిలో పడతారు. ఊరు దాటాక చెట్ల వరసలు, తర్వాత సముద్రం. నడుమ హైలిగెన్‌డమ్ వస్తుంది. 1793లో మెక్లెన్‌బుర్గ్ డ్యూక్ మొదటి ఫ్రీడ్రిష్ ఫ్రాన్స్ ఇక్కడ సముద్ర స్నానానికి విడిది పెట్టించాడు. జర్మనీలో సముద్ర తీర విడుదులకు ఇదే ఆద్యం. 2007 జూన్‌లో జి-8 దేశాధినేతలు సమావేశమైంది కూడా ఇక్కడి తెల్ల భవనాల్లోనే. చివరి స్టేషన్ క్యూలుంగ్స్‌బోర్న్‌కు మొత్తం నలభై నిమిషాల ప్రయాణం. మోలీ ఆగిపోయినా టాక్సీ పిలిచి రోస్టాక్ చేరుకోగలిగేంత దగ్గర. అందుకే ఇక్కడ ఆలస్యమైనా గుండె దడ ఉండదు.

కాస్త దూరం పోదలచినవారికి ష్వెరీన్. రోస్టాక్ నుంచి రైల్లో గంటకు కాస్త ఎక్కువ, బళ్ళు గంటకో రెండు గంటలకో ఒకటి. సరస్సు నడుమ ద్వీపం మీద ఉన్న ఆ కోటకు ఇప్పుడున్న రూపం 1845–57 మధ్య వచ్చింది. మెక్లెన్‌బుర్గ్–ఫోర్‌పొమ్మెర్న్ రాష్ట్ర శాసనసభ అందులోనే కూర్చుంటుంది. 2024లో కోటా దాని చుట్టూ ఉన్న రాజనగరూ కలిపి యునెస్కో జాబితాకెక్కాయి. పన్నెండు గంటల ఓడకు కూడా ఇది వెనక బండి నియమానికి లోబడే వస్తుంది: మధ్యాహ్నం రెండు మూడు మధ్య బయల్దేరితే తర్వాతి బండి కూడా సమయానికే దింపుతుంది. సోమవారం మాత్రం కోట మ్యూజియం మూసి ఉంటుంది. విస్మార్, ష్ట్రాల్జుండ్ 2002 నుంచి యునెస్కో పట్టణాలు. ఒకటి పడమర, ఒకటి తూర్పు, రెండూ రోస్టాక్‌కు గంట అటూ ఇటుగా. ఒకే రోజున రెండూ చూడాలన్న ఆశ మానుకోవాలి. దక్షిణాన అరగంట దూరంలో గ్యూస్ట్రో ఉంది. అక్కడి కథెడ్రల్‌లో శిల్పి ఎర్నెస్ట్ బార్లాఖ్ 1927లో పోతపోసిన తేలే దేవదూత మొదటి ప్రతిని నాజీలు తీసేసి కరిగించారు. ఇప్పుడు వేలాడుతున్నది తర్వాత పోసింది.

డబ్బు సంగతికొస్తే, ఒంటరిగా వెళ్ళేవారికంటే కుటుంబానికి సొంత ప్రయాణం ఎక్కువ కలిసొస్తుంది. ఓడ టూరు తలకింత. రాష్ట్ర రైలు టికెట్ అలా కాదు. మెక్లెన్‌బుర్గ్–ఫోర్‌పొమ్మెర్న్ టికెట్ ఒకటి తీసుకుంటే ఐదుగురి దాకా కలిసి రోజంతా రాష్ట్రంలోని ప్రాంతీయ రైళ్ళలో తిరగవచ్చు, మనిషి పెరిగిన కొద్దీ అదనంగా పడేది కొంచెమే. మామూలు రోజుల్లో ఇది ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో ఆ షరతు లేదు. ముందుగా చవగ్గా కొన్న వేగం రైలు టికెట్ ఇంకో రకం చిక్కు తెస్తుంది: అది ఒక్క బండికే కట్టి ఉంటుంది. మన పొరపాటు వల్ల ఆ బండి తప్పితే, పావుగంటలో ఇంకోటి వస్తున్నా అది మన బండి కాదు. వెనక బండి ఉందా అని చూసేటప్పుడు ఆ బండి మన టికెట్టుకు చెల్లుతుందా అన్నది కూడా చూడాలి. కొన్ని లోకల్ టికెట్లకు ఎక్కేముందు యంత్రంలో ముద్ర వేయాలి. ముద్ర లేకుండా దొరికితే టికెట్టు లేనట్టే లెక్క, జరిమానా 60 యూరోలు. కొత్తవాళ్ళమంటే వినరు.

ఇంత జాగ్రత్త అవసరమా, వందల ఓడలు వచ్చిపోతుంటాయి, ఎంతమంది తప్పిపోయారు గనక అని వాదించేవారున్నారు. తప్పిపోయేవారు తక్కువే. కానీ తప్పితే పడే నష్టం మిగిలిన గంట సంతోషానికి తూగదు. పైగా ఆ నష్టం అన్నిసార్లూ ఒకేలా ఉండదు; ఓడ తర్వాత ఎక్కడ ఆగుతుందన్న దాన్నిబట్టి ఉంటుంది. తర్వాతి రేవు కోపెన్‌హాగన్ అయితే రోస్టాక్ నుంచి గెడ్సర్ ఫెర్రీ రెండు గంటల్లో డెన్మార్క్ చేరుస్తుంది, మర్నాడు ఓడను కలుసుకోవచ్చు. తర్వాతిది టాలిన్ అయితే విమానం టికెట్లు, హోటలు, మధ్యలో రెండు రోజులు. ఓడ ఇంగ్లండ్ తిరిగి వెళ్ళేదైతే వీసా చిక్కు కూడా వస్తుంది; షెంగెన్‌లోకి మళ్ళీ రావడానికి ఒక్కసారి ప్రవేశపు వీసా సరిపోదు. భారత పాస్‌పోర్టుతో వెళ్ళేవారికి ఇది అమెరికా, ఐరోపా పౌరులకంటే బరువైన లెక్క. అందువల్ల తర్వాతి రేవు దగ్గరలో ఉన్నవారు ఒక బండి వెసులుబాటుతో సరిపెట్టుకోవచ్చు. దూరమైనవారు, వీసా అంచున ఉన్నవారు రెండు బళ్ళ వెసులుబాటు ఉంచుకోవాలి. ఎక్కడికైనా ఒకటే నియమమని పట్టుబట్టనక్కర్లేదు.

వారం కూడా చూసుకోవాలి. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. సముద్ర తీర విడిది కాబట్టి వార్నెమ్యుండెకు సీజనులో మినహాయింపుంది, రోస్టాక్ బజారుకు మాత్రం అది ఆశించకూడదు. మ్యూజియాలు చాలావరకు సోమవారం సెలవు. శాకాహారులు చేపల రొట్టెల గట్టు మీద ఇబ్బంది పడకుండా స్టేషన్ బేకరీల్లో చీజ్ రొట్టె, ప్రెట్జెల్ దొరుకుతాయి. ఓడ నుంచి వండిన ఆహారం దించడానికి సాధారణంగా ఒప్పుకోరు. మరుగుదొడ్డికి చిల్లర యూరో నాణేలు జేబులో ఉండాలి. పెద్దవాళ్ళు వెంట ఉంటే రోస్టాక్ లేదా డోబెరాన్ దాటి పోకపోవడం మంచిది. రైలు ప్రయాణం వాళ్ళను అలిసిపోయేలా చేయదు గానీ, పాత ఊళ్ళలో పరిచిన గుండ్రాళ్ళ మీద నడక మోకాళ్ళను పరీక్షిస్తుంది.

రేవులో కూడా ఓడ ఎక్కడ కడతారన్నది తేడా తెస్తుంది. వార్నెమ్యుండెలో చోటు లేనప్పుడు కొన్ని ఓడలను నదికి అవతల, 1960లో తెరిచిన రోస్టాక్ సరుకుల రేవులో కడతారు. అక్కడ స్టేషన్ పది నిమిషాల నడకలో ఉండదు, పైన చెప్పిన లెక్కలన్నిటికీ అరగంట పైన కలుపుకోవాలి. జర్మనీలోని మరో బాల్టిక్ రేవు కీల్‌లోనూ ఇంతే. ఊరి నడుమ ఓస్ట్‌జీకై దగ్గర కడితే రైల్వే స్టేషన్‌కు నడిచి పోవచ్చు, అక్కడి నుంచి ల్యూబెక్, హాంబుర్గ్ గంటంబావులోపు. తూర్పు గట్టు రేవులో కడితే ముందు బస్సు. 1987 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న ల్యూబెక్ ఆ రెండింటిలో నిలకడగా చూడదగినది. హాంబుర్గ్‌లో ఊరే గమ్యం కాబట్టి రైలు లెక్క అంతగా అక్కర్లేదు, ష్టైన్‌వెర్డర్ టెర్మినల్ నుంచి మాత్రం మెట్రో లేదని గుర్తుంచుకోవాలి. బ్రెమర్‌హాఫెన్‌లో 70 లక్షలకు పైగా జనం అమెరికా తదితర దేశాలకు ఓడ ఎక్కిన రేవు మీదే 2005లో తెరిచిన వలసల మ్యూజియం ఉంది. బ్రెమెన్‌కు రైళ్ళు తరచుగా ఉన్నాయి గానీ స్టేషన్ రేవుకు కొన్ని కిలోమీటర్ల దూరం. ర్యూగెన్ ద్వీపంలోని సాస్‌నిట్స్–ముక్రాన్ వీటన్నిటికీ విరుద్ధం. 118 మీటర్ల సుద్దకొండ క్యోనిగ్స్‌ష్టూల్ దగ్గర్లోనే ఉన్నా, రేవు ఊరికి దూరంగా ఉంది, బస్సులు అంత తరచుగా ఉండవు. వెనక బండి లేని చోటు అది. అక్కడ నలుగురు కలిసి రానూపోనూ టాక్సీ మాట్లాడుకోవడమో, ఓడ వాళ్ళ టూరుకు డబ్బు కట్టడమో మేలు.